గాలి చొరని గాజుబుడ్డి

నకిరేకల్ బస్టాండు పక్క సందులో, ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉన్న చోట, మా ఆయన పరశురాములు టీవీలు బాగుచేసే షాపు ఉండేది. షాపుకు పేరు లేదు. రేకు తలుపు మీద పెయింటర్‌తో ఒక టీవీ బొమ్మ వేయించాడు. తెర మాత్రం ఖాళీగా వదిలేయమన్నాడట. అందులో పువ్వో పిట్టో వేయించరాదా అని నేనంటే, బొమ్మ కనపడే టీవీని నా దగ్గరికి ఎవరు తెస్తారని నవ్వాడు.

ఆయన పోయి ఐదో ఏడు నడుస్తున్నది. నెమ్మది మనిషని, ఎవరినీ ఒక మాట అనలేదని ఊరు ఇప్పటికీ చెప్పుకుంటుంది. అది నిజమే. కానీ ఆయన చేసిన పని ఎంత లోతైనదో తెలిసినవాళ్ళు తక్కువ. రోజూ మధ్యాహ్నం అన్నం గిన్నె పట్టుకొని పోయి, ఆయన తినేదాకా స్టూలు మీద కూర్చున్నదాన్ని కాబట్టి నాకు కొంత తెలుసు. ఆ కొంత రాస్తున్నాను.

వాళ్ళది దేవరకొండ దిక్కు పల్లె. గొర్ల మంద ఉన్న ఇల్లు. మా మామ గుర్వయ్యకు బిడ్డలు ఎంతో మంద అంతే. చిన్నప్పుడు మా ఆయన కూడా మంద వెంట తిరిగాడు. నడుమ తోలు ముక్క, రెండు పక్కలా తాడు ఉండే వడిసెల ఒకటి ఆయన మెడలో వేలాడుతుండేదట. అందులో రాయి పెట్టి గిరగిర తిప్పి వదిలితే, మంద నుంచి తప్పిపోయే గొర్రెకు ముందు పడాలి. గొర్రెకు తగలొద్దు, దాని మూతి ముందు దుమ్ము లేవాలి, అది బెదిరి వెనక్కి తిరగాలి. ఆ గురి ఆయనకు బాగా కుదిరింది. నిలబడి విసిరిన దానికన్నా ఉరుకుతూ విసిరిన రాయి ఇంకా జోరుగా పోతుందని, మంద కాసినప్పుడే కనిపెట్టానని చెప్పేవాడు.

వాళ్ళ ఊరి పంచాయతీకి మొదటిసారి టీవీ వచ్చినప్పుడు ఊరంతా ముందు కూర్చుని సినిమా చూస్తే, ఈయన వెనక్కి పోయి, డబ్బా సందుల్లోంచి లోపల ఎర్రగా మెరిసేది ఏమిటా అని చూశాడట. ఆ చూపుతోనే గొర్లు విడిచిపెట్టాడు. నల్లగొండలో ఒక మెకానిక్ దగ్గర పని నేర్చుకున్నాడు. పెళ్ళయ్యే నాటికి నకిరేకల్‌లో సొంత షాపు పెట్టాడు. మాకు పిల్లలు కలగలేదు. షాపే మా ఇంటి సందడి.

ఒకరోజు నేను అన్నం తీసుకుపోయేసరికి కరెంటు లేదు. చేతిలో పని ఆగింది. ఆయన డబ్బా నుంచి తీసిన పిక్చర్ ట్యూబును గోనెసంచి మీద బోర్లించి పెట్టుకున్నాడు. ముందు వెడల్పాటి తెర, వెనక సన్నని మెడ. పెద్ద గాజుబుడ్డిలా ఉంది.

"ఇండ్ల ఏముందో చెప్పు లక్ష్మి" అన్నాడు.

నాకేం కనపడలేదు. ఏమీ లేదన్నాను.

"గదే. ఏం లేకపోవుడే దీని బలం" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. ఆ మెడ చివర, గన్ను అనే చోట, ఒక సన్నని తీగ ఎర్రగా కాలుతుంది. ఆ కాకకు తీగలోంచి ఎలక్ట్రాన్లు అనే రవ్వలు బయటికి చిమ్ముతాయి. కంటికి కనపడవు, చేతికి అందవు, కోట్లు కలిసినా ఆవగింజ కావు. ముందున్న కరెంటు వాటిని గుంజుతుంది. అవి పోయి తెరకు తగిలితే తెర మీది మందు మెరుస్తుంది. ఆ మెరుపే మనం చూసే బొమ్మ. బుడ్డిలో గాలి ఉంటే అవి తెరదాకా చేరవు.

తుమ్మ కంచెలోకి రాయి విసిరితే ఏమవుతుందని నన్నే అడిగాడు. కొమ్మకో రొట్టకో తగిలి పడిపోతుందన్నాను. పంట కోసిన చెలకలో విసిరితేనో అన్నాడు. చివరిదాకా పోతుందన్నాను. గాలి కూడా ఎలక్ట్రాన్‌కు తుమ్మ కంచె లాంటిదేనట. అందుకే కంపెనీలో ఆ బుడ్డిలోంచి గాలినంతా గుంజేసి, చెలకలా చదును చేసి మూస్తారట.

మెడ దగ్గర గాజు లోపల అద్దంలా మెరిసే ఒక మచ్చ ఉంది, దాన్ని కూడా చూపించాడు. గాలి గుంజేశాక కూడా మూలల్లో నక్కి ఉండే కాస్త గాలిని తినేయడానికి లోపల ఒక మందు కాలుస్తారు. అది గాజుకు అంటుకొని ఇట్లా వెండి మచ్చ అవుతుంది. ఎక్కడన్నా వెంట్రుకంత పగులు వచ్చి గాలి చొచ్చిందా, ఆ వెండి కాస్తా సున్నంలా తెల్లబడుతుంది. ఏ టీవీ వచ్చినా ఆయన మొదట చూసేది ఆ మచ్చనే. దవాఖానలో డాక్టరు కంటి రెప్ప లేపి చూసినట్టు టార్చి వేసి చూసేవాడు. వెండిగా ఉంటే బతికున్నట్టు. తెల్లగా ఉంటే ఇక ఏ మెకానిక్కూ ఏం చేయలేడు.

తెలంగాణ వచ్చిన ఏడు షాపులో కాలు పెట్టడానికి జాగా ఉండేది కాదు. ఆ ఏడు బతుకమ్మ పండుగ ముందు సుక్కమ్మ అనే ముసలవ్వ కొడుకుతో టీవీ మోయించుకొని వచ్చింది. తెర మీద ఒక పక్క మనుషులు ఆకుపచ్చగా, ఒక పక్క ఊదాగా కనపడుతున్నారట. ఎవరి కండ్లో పడ్డాయని నిమ్మకాయ, మిరపకాయలు కట్టిందట. తగ్గలేదు. టీవీ ఇంట్లో ఎక్కడ పెట్టారని మా ఆయన అడిగాడు. బతుకమ్మ పాటలకని తెచ్చిన పెద్ద సౌండు డబ్బా పక్కనే పెట్టామని చెప్పింది. ఆయనకు అర్థమైంది. ఆ డబ్బాలో పెద్ద అయస్కాంతం ఉంటుంది, అది ఎలక్ట్రాన్ల దారి మళ్ళిస్తుంది. తెర మీది పచ్చ మందుకు పోవలసినవి ఎరుపు మందుకు పోయి తగులుతాయి.

ఆయన దగ్గర రాగి తీగ చుట్టిన పెద్ద రింగు ఒకటి ఉండేది. తెరకు అంటుకున్న అయస్కాంతం గుణాన్ని పోగొట్టడానికి దాన్ని కరెంటుకు పెట్టి, తెర ముందు గుండ్రంగా తిప్పుతూ, తిప్పుతూ మెల్లగా వెనక్కి నడిచేవాడు. తెర మీద రంగులు సుడులు తిరిగి, ఆయన దూరం పోయేకొద్దీ సర్దుకునేవి. సుక్కమ్మ అది చూసి చేతులు జోడించింది.

"నేను గట్టిన నిమ్మకాయ కంటె నీ రింగే నయముంది కొడుకా. మా మనుమడు నిన్నటి సంది పాలు తాగుతలేడు. పట్టుకొస్త, వానికి గూడ జర తిప్పు" అన్నది.

సందులో అందరూ నవ్వారు. మా ఆయన నవ్వలేదు. పిల్లగాన్ని దవాఖానకే తీసుకుపొమ్మని, సౌండు డబ్బాను మాత్రం టీవీకి దూరం జరపమని మర్యాదగా చెప్పి పంపాడు. ఆనాటి నుంచి సందులో ఆయనకు దిష్టి డాక్టరని పేరు పడింది.

బాగుకాని ట్యూబులను పాత సామాను కొనే ఏసోబుకు వేసేవాడు. వేసే ముందు ఒక పని తప్పకుండా చేసేవాడు. గాలి లేని గాజుబుడ్డి దెబ్బ తగిలితే ఊరికే పగలదు. చుట్టూ ఉన్న గాలి దాన్ని ఒక్కసారిగా లోపలికి నొక్కుతుంది, ముక్కలు మనిషి మొకం మీదికి లేస్తాయి. నల్లగొండలో పని నేర్చుకునేటప్పుడు తన పక్కన పనిచేసే మనిషి కన్ను అట్లా పోవడం ఆయన చూశాడు. ఏసోబు మనుషులు రాగి కోసం ట్యూబు మెడను రాయితో కొట్టేస్తారు. అందుకని ఈయన ముందుగానే ట్యూబుకు గోనెసంచి చుట్టి, మెడ చివరనున్న సన్నని గాజు మొనను పట్టకారుతో మెల్లగా చిదిమేవాడు. సుయ్యిమని సన్నని చప్పుడు. గాలి లోపలికి పోతున్న చప్పుడు. అది ఆగేదాకా షాపులో ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. ఎన్నో ఏండ్లకు గాలి పీల్చుకున్నది, ఇక ఫికర్ లేదు అని ట్యూబును తట్టి ఏసోబుకు ఇచ్చేవాడు.

"పరశురాములు, ప్రార్థన అయ్యిందా, తీస్కపోవాల్నా?" అని ఏసోబు బయటి నుంచి అడిగేవాడు. అది వాళ్ళిద్దరి మధ్య ఎప్పటి మాట.

రమ మేడం మా జీవితంలోకి వచ్చింది ఒక ఆకుపచ్చ మరక వల్లే. ఆమెది పోచంపల్లి, మగ్గం నేసే ఇల్లు. మా ఊరి ఆడపిల్లల కాలేజీకి ఫిజిక్సు చెప్పడానికి వచ్చింది. తల్లి మగ్గం మీద కూర్చున్నంత సేపూ మోగిన పాత టీవీని గుర్తుగా వెంట తెచ్చుకుంది. ఇక్కడికి రాగానే ఒక మూల ఆకుపచ్చగా మారిందట. మా ఆయన రింగు తిప్పి సరిచేశాడు. పోచంపల్లి ఇంట్లో టీవీ ఏ దిక్కుకు పెట్టారని అడిగాడు. తూర్పుకు అన్నది. ఇక్కడో అంటే దక్షిణానికి అన్నది. దిక్కు మారితే రంగు మారుతుందని నాకు తెలుసు మేడం, ఎందుకు మారుతుందో తెలియదు అన్నాడు ఆయన. భూమి కూడా ఒక పెద్ద అయస్కాంతమేనని, టీవీని తిప్పితే ఎలక్ట్రాన్ల మీద దాని గుంజుడు కూడా తిరుగుతుందని ఆమె చెప్పింది. ఆయన చేతిలో టీ చల్లారిపోయింది. అన్నేండ్ల పనికి అర్థం చెప్పినట్టయింది.

ఆ తరువాత ఆమె ఎప్పుడు సందులోంచి పోయినా ఒక మాట అడగకుండా వదిలేవాడు కాదు. ఆమె కూడా విసుక్కోలేదు. ఎలక్ట్రాన్ల గుంపు తెర మీద ఒక గీత వెంట ఒక గీత గీస్తూ పోవడాన్ని మగ్గం మీద నాడె అటూ ఇటూ పోయి పోగు వెంట పోగు నేయడంతో పోల్చి చెప్పేది. అడ్డం లేకుండా ఒక్క సెకను వదిలితే భూమిని రెండు సార్లు చుట్టేంత వేగం వాటిదని ఆమె అంటే, మా ఆయన ఆ రోజంతా వచ్చినవాళ్ళకల్లా అదే చెప్పాడు.

ఆయన అడిగిన వాటిలో అన్నిటికన్నా పెద్దది బస్సు ప్రశ్న. హైవే మీద హోటల్ దగ్గర ఆగే ప్రైవేటు బస్సుల్లో అప్పుడు పాత టీవీలే ఉండేవి. చెడిపోతే డ్రైవర్లు ఈయన్నే పిలిచేవాళ్ళు. ఒకసారి అట్లా బస్సులో పోతూ పోతూ రిపేరు చేసి, సూర్యాపేటలో దిగి వచ్చాడు. మరునాడు రమ మేడం కనపడగానే పట్టుకున్నాడు.

"మేడం, బస్సు ఉరుకుతాంటె అండ్ల టీవీ ఉరుకుతది, టీవీల గన్ను ఉరుకుతది. మరి గన్నుల కెల్లి ఎల్లే ఎలక్ట్రాన్ ఇంకింత జోరు మీద పోవాలె గద? నేను ఉరుక్కుంట వడిసెల ఇసిరితె రాయి గట్లనే పోయేది."

"నీ రాయి లెక్క మంచిగనే ఉంది అన్నా. గని ఒక్కటి చెప్పు. బస్సుల టీవీ మొకం ఎటుంటది?"

ఆయన బస్సు పోయే దిక్కు ఒక చేతితో, టీవీ మొకం ఇంకో చేతితో చూపించబోయి ఆగిపోయాడు. టీవీ ఉండేది డ్రైవరు వెనక. దాని మొకం కూర్చున్నవాళ్ళ దిక్కు, అంటే వెనక్కి. బస్సు ముందుకు పోతుంటే ఎలక్ట్రాన్లు వెనక్కి పోతాయి. రోడ్డు మీద నిలబడి చూసేవానికి జోరు పెరగదు, తగ్గుతుంది.

"రాత్రి నిద్ర పోకుంట లెక్క గట్టిన. టీవీ మొకం ఎటుందో మర్చిపోతి" అని నెత్తి కొట్టుకున్నాడు. ఆ రోజు ముగ్గురం కడుపు పట్టుకొని నవ్వాం.

నవ్వు తగ్గాక మేడం అసలు సంగతి చెప్పింది. టీవీ మొకం ముందుకు తిప్పిపెడితే బస్సు జోరు ఎలక్ట్రాన్ జోరుకు కలుస్తుంది, కానీ పూర్తిగా కలవదు. మార్కెట్ యార్డులో బస్తాకింత తరుగు తీసినట్టు, రవ్వంత తరుగు పోతుంది. ఆ తరుగు ఎంత చిన్నదంటే కొలవను కూడా కొలవలేం. ఉరికేది వెలుతురు వేగానికి దగ్గరైనకొద్దీ తరుగు పెరుగుతుంది. వెలుతురు దగ్గరికి వచ్చేసరికి కలిపినదంతా తరుగే తినేస్తుంది. అంటే తెర మీద పుట్టిన వెలుతురు, బస్సు నిలబడినా ఉరికినా, ముందుకు పోయినా వెనక్కి పోయినా, ఒకే వేగంతో పోతుంది.

ఆ మాట ఆయనకు మింగుడు పడలేదు. పొద్దు గూకంగనే టార్చి తీసుకొని వాకిట్లో గోడ దిక్కు నడిచాడు, నిలబడ్డాడు, మళ్ళీ నడిచాడు. ఏం చేస్తున్నావని అడిగాను.

"నేను ఉరికినా నిలబడ్డా ఈ వెలుతురు ఒక్కతీరుగనే పోతదట లక్ష్మి. నా వడిసెల న్యాయం దీనికి చెల్లదట. ఒప్పుకోబుద్ధి అయితలేదు. గని మేడం అబద్ధం చెప్పదు" అన్నాడు.

మేడంను మళ్ళీ అడిగాడు. ఎవరన్నా కొలిచి చూశారా అన్నాడు. చూశారని మేడం చెప్పింది. పెద్ద పెద్ద మిషన్లలో గాలి తీసేసిన గొట్టాల గుండా కొన్ని రవ్వలను దాదాపు వెలుతురంత జోరుతో ఉరికిస్తారట. అవి పోయి గుద్దుకున్నచోట పుట్టి, అదే జోరుతో ఉరికే కొన్ని కొత్త రవ్వలకు ఆయుష్షు చాలా తక్కువ. ఉరుకుతూ ఉరుకుతూనే పగిలిపోయి వెలుతురుగా మారతాయి. అంత జోరు మీద ఉన్నదాంట్లోంచి పుట్టింది కాబట్టి ఆ వెలుతురు ఇంకా జోరుగా పోవాలి. కొలిస్తే ఎప్పటి వెలుతురు వేగమే. వెంట్రుకంత ఎక్కువ లేదు, తక్కువ లేదు. అది విన్నాక ఆయన ఒప్పుకున్నాడు. ఓడిపోయినట్టు ఒప్పుకోలేదు, కొత్త సామాను చేతికి వచ్చినట్టు ఒప్పుకున్నాడు. కనపడినవాళ్ళనల్లా బస్సు ప్రశ్న అడిగి, వాళ్ళు తప్పు చెబితే సంబరంగా సరిదిద్దేవాడు. మార్కెట్ యార్డు హమాలీలు కూడా ఆయన కనపడితే, ఇవ్వాళ బస్సు ఎటు పోతాంది అని ఆటపట్టించేవాళ్ళు.

తరువాత గోడకు తగిలించే పలుచని టీవీలు వచ్చాయి. వాటిలో బుడ్డి లేదు, గన్ను లేదు. మా ఆయన వాటి పని కూడా నేర్చుకున్నాడు గానీ, అందులో చెడిన సర్క్యూట్ ప్లేటు తీసి కొత్త ప్లేటు పెట్టుడే ఉందని చప్పరించేవాడు. షాపులో మూల నుంచి పాత ట్యూబులు ఒక్కొక్కటే గాలి పీల్చుకొని ఏసోబు బండి ఎక్కాయి. ఒకరోజు రమ మేడం వచ్చి, మా పిల్లలు ఎలక్ట్రాన్ పాఠం పుస్తకంలోనే చదువుతున్నారు, కండ్లతో చూపించేది కాలేజీలో లేదు అన్నది. చేసిస్తానని ఆయన మాట ఇచ్చాడు.

ఒక పద్నాలుగు ఇంచుల బ్లాక్ అండ్ వైట్ టీవీ తీశాడు. దాని వెండి మచ్చ మెరుస్తూ ఉండేది. వెనక మూత తీసేసి తేటగా ఉండే ప్లాస్టిక్ షీటు బిగించాడు, ఎర్రగా కాలే తీగ పిల్లలకు కనపడాలని, చెయ్యి మాత్రం లోపలికి పోవద్దని. ఒక స్విచ్చు పెట్టాడు. అది నొక్కితే బొమ్మంతా ముడుచుకొని తెర నడుమ ఒకే ఒక తెల్ల గీత నిలుస్తుంది. అయస్కాంతం దగ్గరికి తెస్తే ఆ గీత పాములా వంగుతుంది. నేను వాకిట్లో ముగ్గు పోసేటప్పుడు చెయ్యి కదిపితే పిండి వంగినట్టే. కానీ ఇక్కడ పోసే చెయ్యి కదలదు, పడే పిండే వంగుతుంది. అది చెబితే మంచి మాట చెప్పావని మేడంకు కూడా చెప్పాడు. దసరా సెలవులు కాగానే కాలేజీకి చేర్చాలనుకున్నాడు.

సెలవుల్లోనే పోయాడు. పొద్దున చాయ్ తాగుతూ ఛాతీ పట్టుకున్నాడు. దవాఖాన దాకా పోనే లేదు.

ఆ దినాల గురించి రాయను. రాసేది కూడా ఏం లేదు. నేను ఇల్లు కదలలేదు. షాపు ఇంటాయన కొన్ని నెలలు ఓపిక పట్టి, జాగా కావాలన్నాడు. మా మరిది పరమేష్ మంచివాడు, వదినను ఇబ్బంది పెట్టొద్దని తానే షాపు ఖాళీ చేయించడానికి వచ్చాడు. కాలేజీ టీవీ సంగతి అతనికి తెలియదు. నేను చెప్పలేదు. చెప్పాలన్న ఆలోచన కూడా లేకుండా ఉన్నాను అప్పుడు.

ఆ పొద్దున పరమేష్‌కు చాయ్ తీసుకొని షాపుకు పోయాను. అరలన్నీ ఖాళీ. కాలేజీ టీవీ ఉండవలసిన చోట దుమ్ములో నాలుగు మూలల గుర్తు మిగిలింది. అది ఏదని అడిగాను. వెనక మూత గూడ లేదు వదినా, అన్నింటికంటె ముందుగాల దాన్నే ఏసోబు బండి ఎక్కించిన అన్నాడు. పగిలిన టీవీ అనుకున్నాడు. ఏసోబుకు ఫోన్ చేయమన్నాను. మోగింది గానీ ఎత్తలేదు. చాయ్ గ్లాసు అక్కడే పెట్టి ఆటో ఎక్కాను. దారిలో నాకు ఒకటే గుర్తుకొస్తున్నది. మా ఆయన చేతి నుంచి పోయిన ట్యూబు అంటే గాలి నింపిన ట్యూబు. ఏసోబుకు ఆ నమ్మకం ఉంది. ఆ నమ్మకంతోనే కొడతారు.

నల్లగొండ రోడ్డు మీద ఏసోబు సామాన్ల జాగా. రేకుల వెనక ఒక మనిషి కూర్చొని ట్యూబులు కొడుతున్నాడు. ఆ టీవీ అతని ముందు బోర్లించి ఉంది. ప్లాస్టిక్ షీటు ఊడదీసి పక్కన పెట్టాడు. చేతిలో సుత్తి.

"ఆగు. దాంట్ల గాలి లేదు" అన్నాను.

నా గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకే తెలియదు. అతను సుత్తి అట్లే పట్టుకొని చూశాడు. ఏసోబు లోపలి నుంచి వచ్చాడు. ఇది గాలి నింపని బుడ్డి అని, దెబ్బ తగిలితే మొకం మీదికి పగులుతుందని చెప్పాను.  ఏసోబు సుత్తిని మెల్లగా ఆ మనిషి చేతిలోంచి తీసుకున్నాడు.

"పరశురాములు షాపుల సామాను గద అక్కా. కండ్లు మూసుకొని కొట్టుమన్న. ప్రార్థన చప్పుడు ఇన్లేదు ఈసారి. నాకు యాదికి రాలే" అన్నాడు.

ఆ మనిషి కన్ను దక్కింది. ఇక ట్యూబు సంగతి. బండిలో అంత కుదుపు తిన్నది, కింద బోర్లించారు. మెడకు ఎక్కడన్నా వెంట్రుకంత పగులు వచ్చి ఉంటే అయిపోయినట్టే. నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. కొంగుతో మెడ దగ్గరి దుమ్ము తుడిచాను. ఏసోబును ఫోన్ లైటు వేయమన్నాను. 

మచ్చ మెరిసింది. వెండి మచ్చ, చెక్కు చెదరలేదు.

ఏం చూశావక్కా అని ఏసోబు అడిగాడు. బతికే ఉన్నది అన్నాను. నాకెట్లా తెలుసని అడిగాడు. ఆయన చూపించిండు అన్నాను.

పరమేష్ వెనకాలే వచ్చాడు. సంగతి తెలిసి తల దించుకున్నాడు. నీకు నేను చెప్పలేదు, నీ తప్పేముందన్నాను. ఏసోబు బండిలో గోనెసంచులు మెత్తగా పరిచి, షీటు మళ్ళీ బిగించి, టీవీని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తి పెట్టి, నన్ను ముందు కూర్చోబెట్టుకొని తానే కాలేజీకి నడిపాడు. ప్రతి గుంత దగ్గరా బండి ఆపి ఆపి దాటించాడు.

దారిలోంచి ఫోన్ చేస్తే రమ మేడం కాలేజీ గేటు దాకా ఎదురొచ్చింది. నా చెయ్యి పట్టుకున్నది. టీవీని ల్యాబులో బల్ల మీద పెట్టారు. ఆడపిల్లలు బెంచీల మీద, కిటికీల దగ్గర, తలుపు దగ్గర నిండిపోయారు. నన్ను ముందు వరుసలో కూర్చోమన్నారు. నేను గోడ పక్కకే నిలబడ్డాను.

మేడం స్విచ్చు వేసింది. కాసేపు ఏమీ లేదు. తరువాత మెడలో తీగ ఎర్రబడింది. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి చూశారు. తెర మెరిసింది. ఆయన పెట్టిన రెండో స్విచ్చు నొక్కగానే తెల్ల గీత ఒక్కటి నిలిచింది, దారం పట్టినట్టు తిన్నగా. అయస్కాంతం ఎవరు పడతారని మేడం అడిగి, ఎవరికీ ఇవ్వకుండా నా చేతిలో పెట్టింది. నేను దగ్గరికి తెచ్చాను. గీత వంగింది. దూరం తీశాను. తిన్నగా అయింది. ఆ గాజులో ఏమీ లేనిచోట, నా చెయ్యి ముట్టుకోకుండానే, కనపడని రవ్వలు నా చెయ్యి చెప్పినట్టు నడుస్తున్నాయి. ఆయన ఎందుకు అన్నం చల్లారేదాకా దీని ముందు కూర్చునేవాడో అప్పుడు నాకు పూర్తిగా తెలిసింది.

మేడం బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసింది, పరశురాములు ప్రశ్న అని. కింద ఒక బస్సు గీసింది. బస్సులో టీవీ ఉంది, బస్సు ఉరుకుతున్నది, టీవీలోని ఎలక్ట్రాన్ వేగం పెరుగుతుందా తగ్గుతుందా అని అడిగింది. పిల్లలందరూ ఒక్కసారే పెరుగుతుందన్నారు. మా ఆయన చెప్పినట్టే చెప్పారు. ఒకమ్మాయి చెయ్యి కూడా ఊపి చూపించింది.

వెనక బెంచీలో ఒక బక్కపలుచని పిల్ల లేచి నిలబడింది. అండాలు దాని పేరు, తండా దగ్గరి పల్లె నుంచి బస్సులో వచ్చి పోయే పిల్ల అని తరువాత చెప్పారు.

"మేడం, ముందు మీరు ఒకటి చెప్పాలె. ఆ టీవీ మొకం ఎటుంది?" అన్నది.

మేడం నా దిక్కు చూసింది. నేను మేడం దిక్కు చూశాను. ఆయన పోయాక నేను నవ్వింది అదే మొదలు. కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. తలుపు దగ్గర నిలబడ్డ ఏసోబుకు ఏమీ అర్థం కాక, అతనూ నవ్వాడు.

ఆ టీవీ ఇప్పటికీ ఆ బల్ల మీదే ఉంది. ఏడాదికొకసారి, ఆ పాఠం వచ్చే రోజు, మేడం నాకు కబురు పెడుతుంది. నేను పోతాను. స్విచ్చు వేయకముందు టార్చి వేసి మెడ దగ్గర చూస్తాను. మెరుస్తుందని చెప్పాకే పిల్లలను లోపలికి పిలుస్తారు.